లోహపు రేకులా, తారు షింగిల్సా: ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఇంటి కప్పును ఎంచుకోవడం ఎలా

పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో పాత పెంకుటింటిని విప్పి కొత్త కప్పు వేయించదలచిన తెలుగు కుటుంబాల ముందు ఇప్పుడు రెండు దారులు ఉన్నాయి. ఒకటి అందరికీ తెలిసిన లోహపు రేకు. రెండోది కొత్త ఇళ్ల మీద, విడిది గృహాల మీద చూసి చాలామంది ముచ్చటపడుతున్న తారు షింగిల్స్, అంటే గాజు నార చాపకు తారు పట్టించి పైన రాతి రవ్వ అద్దిన పలకలు. దూరం నుంచి పెంకుల్లా కనిపిస్తాయి, వాన చప్పుడు ఇంట్లోకి అంతగా రాదు, కనుక వాటి మీద మోజు సహజమే.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కర్ర లేదా ఇనుప చట్రం మీద కప్పు వేయించేవారికి ఈ ప్రాంతంలో లోహపు రేకే తగినది. వాలుగా పోసిన కాంక్రీటు శ్లాబు ఉన్నవారు మాత్రమే తారు షింగిల్స్ గురించి ఆలోచించవచ్చు. అయితే రేకు అని తేల్చుకున్నంత మాత్రాన పని సగం కూడా పూర్తయినట్లు కాదు. ఏ రేకు, దాన్ని దేనికి బిగించాలి, దాని కింద వేడిని ఎలా ఆపాలి అన్నవి తేల్చకుండా డబ్బు కట్టకండి.

మొదటి పని: ఇల్లున్న చోటును చూడండి

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 200 కిలోమీటర్ల స్థాయిలో ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, గజపతి జిల్లా మీదుగా సాగింది. తిత్లీ మరునాడు కాశీనగరం వైపు మా పెదనాన్నగారి ఇంటికి వెళ్లినప్పుడు నేను చూసిన దృశ్యం ఈ వ్యాసానికి అసలు కారణం. రేకులు చిరగలేదు, తుప్పు పట్టలేదు, స్క్రూలు కూడా ఊడలేదు. రేకులూ వాటి కింది పర్లిన్లూ, అంటే రేకును బిగించే అడ్డ పట్టెలూ కలిసి ఒకే తట్టలా లేచిపోయి, అవతలి జీడితోటలో పడి ఉన్నాయి. పర్లిన్లను గోడకు బైండింగ్ వైరుతో రెండు చుట్లు చుట్టి వదిలేశారని అప్పుడు తెలిసింది.

భవనాల మీద గాలి ఒత్తిడిని లెక్కించే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగం ప్రకారం ఈ తీరానికి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి ప్రతి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుకు సమానం. పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు ఉన్న రేకును అదే లెక్కన తీసుకుంటే, దాన్ని పైకి లాగే బలం 400 కిలోలు దాటుతుంది. ఆ రేకు సొంత బరువు పన్నెండు పదమూడు కిలోలు మాత్రమే. తారు షింగిల్స్ చదరపు మీటరుకు పది కిలోల దాకా తూగుతాయి గాని, 150 కిలోల ముందు ఆ పదీ లెక్కలోకి రావు. కనుక బరువైన కప్పు ఎగరదన్న మాటను నమ్మవద్దు. కప్పు అంచుల్లో, మూలల్లో, రెండు వాలులు పైన కలిసే నడికొప్పు దగ్గర ఈ లాగుడు ఇంకా ఎక్కువగా ఉంటుంది.

గాలి తరువాత చూడవలసినది ఉప్పు. గోపాల్‌పూర్, సోనాపూర్ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో మామూలు జి.ఐ. రేకు, అంటే జింకు పూత ఉన్న ఉక్కు రేకు, కొద్ది ఏళ్లకే ఎర్రబారుతుంది. అదే రేకు గుణుపురంలోనో జయపురంలోనో చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. కొండ మీది ఊళ్లలో గాలి వేగం తీరం కంటే తక్కువే అయినా, అక్కడ చలికాలపు మంచు వల్ల రేకు లోపలి వైపు చెమ్మ పట్టి చుక్కలుగా రాలుతుంది. సముద్రపు ఒడ్డు, లోపలి ఊరు, కొండ మీది ఊరు అనే ఈ మూడింటిలో మీ ఇల్లు ఏ తరహా చోట ఉందో కాగితం మీద రాసుకుని తరువాతి పనికి రండి.

రెండో పని: కప్పు కింద ఏముందో చూడండి

తారు షింగిల్స్ తమంతట తాము నిలబడలేవు. వాటి కింద ఖాళీ లేకుండా పరచిన గట్టి పలక ఉండాలి. ఆ పలక ప్లైవుడ్ అయితే ఐ.ఎస్. 710 గుర్తు ఉన్న మెరైన్ రకం, అంటే నీటిని తట్టుకునేది కావాలి, ముక్కకూ ముక్కకూ మధ్య ఉబ్బడానికి మూడు మిల్లీమీటర్ల సందు వదలాలి, పైన తారు ఫెల్టు (తారు పట్టించిన షీటు) పరచి ఆ మీద షింగిల్స్ కొట్టాలి. ఇక్కడి చెదలు, నాలుగు నెలల వర్షాకాలపు తేమ ఈ ప్లైవుడ్‌ను వదిలిపెట్టవు. పైన ఒక్క షింగిల్ లేచినా నీరు ప్లైవుడ్‌లోకి దిగుతుంది, లోపల సీలింగు ఉంటే ఆ సంగతి పలక మెత్తబడేదాకా మీకు తెలియదు. చట్రం మీద తారు షింగిల్స్ వద్దని చెప్పడానికి నాకున్న పెద్ద కారణం ఇదే. రేకు కారితే ఎక్కడ కారుతోందో ఆ రోజే కనిపిస్తుంది, ఆ ఒక్క రేకును విప్పి మార్చుకోవచ్చు.

వాలు కాంక్రీటు శ్లాబు ఉంటే లెక్క మారుతుంది. గాలిని ఆపే పని శ్లాబుదే అవుతుంది, చెదల బెడద ఉండదు, ఒకటి రెండు షింగిల్స్ పోయినా ఇల్లు తెరుచుకోదు. అలాంటి శ్లాబు మీద రేకు వేయడానికి మళ్లీ చట్రం కట్టవలసి వస్తుంది కనుక తారు షింగిల్స్ తేలికైన పని కూడా. శ్లాబు వాలు మాత్రం ప్రతి పన్నెండు అడుగుల అడ్డానికి కనీసం నాలుగు అడుగుల ఎత్తు ఉండేలా చూసుకోండి. రెండు అడుగుల దాకా తగ్గించవచ్చు గాని, అప్పుడు కింద ఫెల్టు రెండు వరుసలు పరచాలి. అంతకంటే చదునైన డాబా మీద షింగిల్స్ వేయకూడదు, దానికి మంటతో అతికించే తారు షీటు వేరే ఉంది.

గోడల పైన చుట్టూ కాంక్రీటు బెల్టు ఉందో లేదో కూడా ఇప్పుడే చూడండి. మట్టి గోడల మీద గాని, బెల్టు లేని ఇటుక గోడల మీద గాని ఏ కప్పు వేసినా దాన్ని పట్టి ఉంచే ఆధారం ఉండదు. ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే రేకు రంగులో తగ్గించుకోండి, బెల్టులో తగ్గించవద్దు.

మూడో పని: రేకును చదవడం నేర్చుకోండి

బరంపురం దుకాణాల్లో టిణ (ఒడియాలో రేకు) అన్న ఒక్క మాట కింద రకరకాల సరుకు ఉంటుంది. దుకాణదారును నాలుగు విషయాలు అడగండి: కింద ఉన్న ఉక్కు మందమెంత, పూత కలిపి మందమెంత, పూత ఏ రకం, ఆ పూత చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు. 0.50 మిల్లీమీటర్లని చెప్పే రేకులో పూతా రంగూ కలిసి ఉంటే అసలు ఉక్కు అంతకంటే తక్కువ ఉంటుంది. నివాసపు ఇంటికి పూత కలిపి 0.50 మిల్లీమీటర్లకు తగ్గకుండా తీసుకోవాలన్నది నా సలహా. 0.35 రేకు చవక, కాని గాలి ఊపుకు స్క్రూ తల చుట్టూ చిరిగేది ముందుగా అదే.

పూతల్లో మూడు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. జి.ఐ. రేకుకు జింకు పూత ఉంటుంది. గాల్వాల్యూమ్ అని పిలిచేదానికి అల్యూమినియం 55 శాతం, జింకు 43.4 శాతం, సిలికాన్ 1.6 శాతం కలిసిన పూత ఉంటుంది. కలర్ కోటెడ్ రేకు అంటే ఈ రెండింటిలో ఒకదాని మీద రంగు కాల్చి ఎక్కించినది. కనుక రంగు బాగుందని కొనకుండా రంగు కింద ఏముందో అడగాలి. సముద్రానికి దగ్గరలో ఉన్నవారు చదరపు మీటరుకు 150 గ్రాముల గాల్వాల్యూమ్ పూత మీద రంగు వేసిన రేకును తీసుకోవడం మంచిది. సరుకు మీద ఏ.జెడ్. 150 అని ముద్ర ఉంటుంది. మరీ ఒడ్డునే ఉంటే అల్యూమినియం రేకు తుప్పు పట్టదు గాని మెత్తనిది, అందుచేత దాన్ని మరింత మందంగా తీసుకుని స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలతో, పెద్ద వాషర్లతో బిగించాలి. పశువుల శాల మీద మాత్రం గాల్వాల్యూమ్ వేయవద్దు, పేడ, మూత్రాల నుంచి లేచే అమ్మోనియా ఆ పూతను తినేస్తుంది. తడి సిమెంటు తగిలినా అంతే నష్టం, కాబట్టి గోడ పూత పని ముగిశాకే రేకు ఎక్కించండి.

వానాకాలంలో రేకులు దించుకుంటే కట్టగా పేర్చి పెట్టకండి. రెండు రేకుల మధ్య ఇరుక్కున్న నీరు కొద్ది రోజుల్లో తెల్ల తుప్పు తెస్తుంది. మధ్యలో కర్రలు పెట్టి, ఒక వైపు వాల్చి, గాలి ఆడేలా నిలపండి. కోయవలసి వస్తే గ్రైండరు చక్రంతో కోయనివ్వకండి. నిప్పురవ్వలు పూతను కాల్చి, అవి పడిన ప్రతి చోటా చిన్న తుప్పు మచ్చ పుడుతుంది. కత్తెరతో కోయించి, స్క్రూలు వేసినప్పుడు రాలిన ఇనుప పొడిని ఆ సాయంత్రమే తుడిపించండి.

నాలుగో పని: బిగింపును మీరే దగ్గరుండి చూడండి

కప్పు వాలు 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే గాలి లాగుడు తగ్గుతుంది. మేస్త్రికి అర్థమయ్యే లెక్కలో చెప్పాలంటే పది అడుగుల అడ్డానికి నాలుగు నుంచి ఐదు ముప్పావు అడుగుల ఎత్తు. రెండు వైపులా వాలే కప్పు కంటే నాలుగు వైపులా వాలే కప్పు తుఫానుకు బాగా నిలుస్తుంది. చూరు గోడ నుంచి ఒకటిన్నర అడుగు దాటి బయటికి రానివ్వకండి. వరండాకు నీడ ఎక్కువ కావాలంటే ఇంటి కప్పునే పొడిగించకుండా వేరే చట్రం మీద వేరే కప్పు కట్టించండి, అది ఎగిరినా ఇంటి కప్పును వెంట తీసుకుపోదు.

గాలి లాగే బలం రేకు నుంచి స్క్రూకు, స్క్రూ నుంచి పర్లిన్‌కు, పర్లిన్ నుంచి ట్రస్‌కు (కప్పును మోసే త్రికోణపు చట్రానికి) లేదా వాసానికి, అక్కడి నుంచి బెల్టుకు, బెల్టు నుంచి గోడకు, గోడ నుంచి పునాదికి దిగాలి. ఇందులో ఏ ఒక్క ముడి బలహీనంగా ఉన్నా కప్పు అక్కడే తెగుతుంది, మిగిలిన ముడులకు పెట్టిన ఖర్చంతా వృథా అవుతుంది. బెల్టు పోసేటప్పుడే ట్రస్ వచ్చే ప్రతి చోటా బోల్టులు లేదా ఇనుప పట్టీలు కాంక్రీటులో కూర్పించండి. తరువాత గోడకు రంధ్రం చేసి కొట్టే మేకు దానికి సాటిరాదు. కర్ర వాసాలైతే దూలంతో కలిసే చోట మేకులతో పాటు పట్టీ చుట్టి బోల్టు వేయించండి. పర్లిన్ల మధ్య దూరం కప్పు నడుమ నాలుగు అడుగులు దాటకూడదు, చూరు దగ్గరా నడికొప్పు దగ్గరా రెండున్నర అడుగులకు కుదించండి.

స్క్రూను రేకు మిట్ట మీద వేయాలి, నీరు పారే పల్లంలో వేయకూడదు. కింద రబ్బరు వాషర్ కాస్త నొక్కుకునేంత వరకే తిప్పాలి. మరీ బిగిస్తే రబ్బరు పగులుతుంది, వదులైతే నీరు దిగుతుంది. కప్పు నడుమ మిట్ట విడిచి మిట్ట సరిపోవచ్చు గాని, చూరు, నడికొప్పు, పక్క అంచులు, మూలల్లో ప్రతి మిట్టకూ స్క్రూ పడాలి. పక్క రేకుతో ఒకటిన్నర అల, పై రేకుతో కనీసం ఆరు అంగుళాలు కలిసేలా పరిపించండి. తుఫాను కేంద్రం దాటిపోయే కొద్దీ గాలి దిక్కు మారుతుంది, అందువల్ల మా ఇంటికి గాలి ఫలానా వైపు నుంచే వస్తుందని ఒక అంచును వదిలేయడం ప్రమాదం.

రేకు ఎండకు సాగి రాత్రికి ముడుచుకుంటుందని కూడా గుర్తుంచుకోవాలి. ఆరు మీటర్ల రేకు 40 డిగ్రీల తేడాకు దాదాపు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. సాయంత్రం పూట కప్పు టిక్కుటిక్కుమనడానికి కారణం అదే, ఏళ్లు గడిచే కొద్దీ స్క్రూ రంధ్రాలు పెద్దవి కావడానికీ అదే కారణం.

ఐదో పని: వేడిని రేకు దగ్గరే ఆపండి

రేకుల ఇల్లంటే వేసవిలో ఉండలేమన్న భయం న్యాయమైనదే, కాని ఆ బాధలో ఎక్కువ భాగం కింద ఏమీ వేయకపోవడం వల్ల వచ్చేది. తళతళ మెరిసే రేకు ఎండను చాలావరకు తిప్పికొడుతుంది గాని, తనకు పట్టిన వేడిని తేలికగా వదలదు. తెలుపు రంగు ఆ రెండు పనులూ చేస్తుంది, కనుక ముదురు ఎరుపు, నీలం, ఆకుపచ్చ ఎంత అందంగా ఉన్నా తెలుపుకో లేత బూడిద రంగుకో మొగ్గండి. తారు షింగిల్స్ చాలావరకు ముదురు రంగుల్లోనే వస్తాయి. మే నెల ఎండలో వాటి పైభాగం 65 నుంచి 75 డిగ్రీల దాకా కాగుతుంది, సూర్యుడు వాలాక కూడా ఆ వేడి త్వరగా దిగదు. రేకు త్వరగా కాగినా త్వరగానే చల్లారుతుంది. పగలు పొలంలోనో దుకాణంలోనో ఉండి రాత్రి ఇంటికి చేరే కుటుంబానికి ఈ తేడా చిన్నది కాదు.

రేకు కింద అల్యూమినియం రేకు అంటించిన ఇన్సులేషన్ చాప వేయిస్తే వేడీ వాన చప్పుడూ రెండూ తగ్గుతాయి, చలికాలపు చెమ్మ కారడం కూడా ఆగుతుంది. అయితే మెరిసే ముఖానికి ఎదురుగా కనీసం అంగుళం ఖాళీ ఉండాలి, దేనికైనా అంటుకుంటే అది వేడిని ఆపలేదు. కింద వెదురు తడకతోనో జిప్సం పలకతోనో సీలింగు వేయించి, చూరు దగ్గర గాలి లోపలికి వచ్చే సందు, నడికొప్పు దగ్గర వేడి గాలి పోయే సందు పెట్టించండి. ఆ సందులకు జాలీ తప్పనిసరి, లేకుంటే గబ్బిలాలు చేరతాయి. థర్మోకోల్ సీలింగు వద్దు, నిప్పంటుకుంటే ఆపలేరు.

తారు షింగిల్స్ వేయించేవారికి

వాలు శ్లాబు ఉండి, షింగిల్సే కావాలని మీరు తేల్చుకుంటే ఈ జాగ్రత్తలు తీసుకోండి. షింగిల్‌కు వెనుక ఉండే జిగురు పట్టీ ఎండ వేడికి కరిగి కింది వరుసకు అతుక్కోవాలి, అందువల్ల పని మార్చి, ఏప్రిల్ నెలల్లో పెట్టుకోవాలి. మిట్టమధ్యాహ్నం పలకలు మెత్తబడి కాలి ముద్రలు పడతాయి కనుక ఉదయం పూటే వేయించండి. గాలికి ఏ తరగతి పరీక్ష నెగ్గిందో అట్టపెట్టె మీద చూడండి. అమెరికా ప్రమాణం ఏ.ఎస్.టి.ఎం. డి 7158లో హెచ్ తరగతి గంటకు 241 కిలోమీటర్ల గాలికి చేసిన పరీక్ష. ప్రతి పలకకు నాలుగు మేకులతో సరిపెట్టకుండా ఆరు కొట్టించండి, చూరు వెంటా పక్క అంచుల వెంటా చేత్తో తారు సిమెంటు చుక్కలు పెట్టించండి.

మన తేమ వాతావరణంలో షింగిల్స్ మీద నాచు జాతి సూక్ష్మజీవులు పెరిగి నల్లని చారలు వస్తాయి. నడికొప్పు కింద జింకు లేదా రాగి పట్టీ బిగిస్తే, వాన నీటితో దిగే ఆ లోహపు అంశం వాటిని చాలావరకు అణచి ఉంచుతుంది. కింద ఎక్కడైనా రేకు గాని రేకు కాలువ గాని ఉంటే రాగి వాడకండి, రాగి తగిలిన నీరు ఆ రేకు పూతను తినేస్తుంది. ఎండకు తారులోని నూనె ఆరి, రవ్వ రాలడం మొదలైతే కాలువలో ఇసుకలా పేరుకుంటుంది. అది కనిపించినప్పటి నుంచి మార్పిడికి డబ్బు పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టండి. వాన నీటిని తాగడానికి పట్టుకునే ఇళ్లకు తారు కప్పు తగదు.

పని మొదలయ్యే ముందు, ముగిసిన తరువాత

ఇక్కడ ఆస్బెస్టస్ అని పిలిచే పాత సిమెంటు రేకులు మీ ఇంటి మీద ఉంటే వాటిని పగలగొట్టి దించకండి. ఆ నార ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తరువాత ప్రాణం మీదికి వస్తుంది. ముందుగా నీటితో బాగా తడిపి, బోల్టులు కోసి, నిండు రేకునే దించి, ప్లాస్టిక్ పట్టాలో చుట్టాలి. పని చేసేవారు ముక్కుకు మంచి మాస్కు కట్టుకోవాలి, పిల్లలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. విరిగిన ముక్కలతో కోళ్ల గూడు కట్టే అలవాటు మన ఊళ్లలో ఉంది, దయచేసి దాన్ని మానండి.

లోహపు కప్పు మీదుగా కరెంటు తీగ వెళ్తుంటే రేకు ఎక్కించే ముందే దాన్ని జరిపించండి. తొడుగు అరిగిన తీగ రేకుకు తగిలితే ఇల్లంతా షాకు కొడుతుంది. కప్పు చట్రానికి ఎర్తింగ్ తప్పక చేయించండి.

కొటేషన్ అడిగేటప్పుడు చదరపు అడుగుకు ఇంత అన్న ఒక్క అంకెతో తృప్తిపడకుండా కప్పు సరుకు, చట్రం లేదా పలక, స్క్రూలు, పట్టీలు, ఇన్సులేషన్, కూలి విడివిడిగా రాయించండి. అలా రాయించినప్పుడే తారు షింగిల్స్ ధరలో పలక, ఫెల్టు చేరాయో లేదో, రేకు ధరలో పట్టీలు చేరాయో లేదో బయటపడుతుంది. షింగిల్స్ పని తెలిసిన మనిషి మీ ఊరికి ఎంత దూరంలో ఉన్నాడో కూడా అడగండి, తుఫాను మరునాడు రేకు బిగించగలవాడు ప్రతి ఊళ్లోనూ దొరుకుతాడు.

ఏటా సెప్టెంబరులో, అక్టోబరు తుఫానులకు ముందు, మంచి నిచ్చెన వేయించి కప్పును చూపించండి. వదులైన స్క్రూలు బిగించాలి, పగిలిన వాషర్లు మార్చాలి, కాలువల్లో ఆకులు తీయాలి. మిట్టలో రంధ్రం పెద్దదైతే అదే స్క్రూను మళ్లీ తిప్పకుండా లావుపాటి స్క్రూ వేయించండి. సముద్రం దగ్గర ఉన్నవారు చూరు కింది భాగాన్ని, అంటే వాన నీరు కడగలేని చోటును, ఏడాదికి రెండు మూడుసార్లు మంచినీటితో కడిగించాలి, తుప్పు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే. కొన్న రేకుల్లో రెండు, ఒక డబ్బా స్క్రూలు పొడి చోట దాచి ఉంచుకోండి. తుఫాను వెళ్లిన మరుసటి వారం దుకాణాల్లో అవే ముందు అయిపోతాయి.